పళ్ళ డాక్టరమ్మ రెయిన్ చెక్

మెట్ల కింది కొట్టు నుంచి,
మబ్బు తునక కూడా లేని మంగళవారం.

వదినా,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కాగితం తీసి సొరుగులో పెట్టేశాను, మళ్ళీ తీశాను. నీకు రాస్తే అన్నయ్యకి పైకి చదివి వినిపిస్తావు. వాడు నవ్వుతాడు. నవ్వితే వాడికి దగ్గు తెర వస్తుంది. దగ్గొస్తే తప్పు నాదంటావు. ఇదంతా తెలిసి కూడా రాస్తున్నానంటే గిరాకీ ఎంత బాగుందో నువ్వే ఊహించుకో. వానలు ముఖం చాటేశాక గొడుగులు బాగుచేసేవాడికి ఉత్తరాలు రాయడం తప్ప పనేముంటుంది? ఫోను చేద్దామా అంటే, ఉద్యోగం మానేసిన రోజునే ఇక చచ్చినా ఫోను చెవిన పెట్టనని ఒట్టు పెట్టుకున్నావు. బతుకంతా కంపెనీ టెలిఫోన్ బోర్డు ముందు కూర్చున్న చెవి, దానికీ విశ్రాంతి కావాలి కదా అని నేనూ సరిపెట్టుకున్నాను.

నీతో పని ఏమిటంటే, కొన్ని ఇంగ్లీషు మాటలకి అర్థం చెప్పాలి. నా ఇంగ్లీషు సంగతి నీకు తెలియనిది కాదు. బడి మానేశాక, జనం గొడుగులు చుట్టి తెచ్చే పాత పేపర్లు చదివి నేర్చుకున్నది. డిక్షనరీ ఒకటి ఉంది గానీ మొదటి పేజీలు చెదలు తినేశాయి. అది 'సి' దగ్గర మొదలవుతుంది. అందుకే 'ఏ', 'బి'లతో మొదలయ్యే మాటలు ఎదుటివాళ్ళు వాడితే నేను తలాడించి ఊరుకుంటాను.

నా కొట్టు నెత్తి మీదుగా మెట్లు వెళ్తాయి కదా, ఆ మెట్లెక్కితే పళ్ళ డాక్టరమ్మ క్లినిక్కు. నువ్వు చూసి ఉండవు, నువ్వు ఈ ఊరు వదిలాక వచ్చిందావిడ. అడుగుల చప్పుడు బట్టి పైకెళ్ళేవాడి పన్ను ఎంత నొప్పిగా ఉందో చెప్పగలను. ఎక్కేటప్పుడు మెట్టు మెట్టుకీ ఆగుతారు, దిగేటప్పుడు దడదడా దిగుతారు. ఆవిడ అడుగు మాత్రం ఎక్కినా దిగినా ఒకటే. ఇన్నేళ్ళలో నమస్కారం దాటి మాట లేదు. మొన్న ఒక గొడుగు పట్టుకుని దిగింది.

ఏం గొడుగు వదినా! ఇప్పుడవి రావు. ఇప్పటి గొడుగులు గాలి ఊదితే గిన్నెల్లా తిరగబడతాయి. ఇది చేవ ఉన్న కర్ర, ఊచలు ఉక్కువి. పిడి మీద సన్నటి గాట్లు.

"ఎలుక కొరికిందా అమ్మా?" అన్నాను.

"కాదండీ, నేనే. నాన్నగారిది ఇది. నన్ను భుజానెక్కించుకుని తిరిగేవారు. అందింది కొరికేదాన్ని."

"నున్నగా తోమేయమంటారా?"

"ఆ గాట్లు ముట్టుకున్నారంటే మీ పళ్ళు ఊడతాయి, నా పని అదే."

ముట్టుకోలేదు. చుట్టూ మెరుగు పెట్టి గాట్లు వదిలేశాను. గుడ్డ మార్చి, ఊచలు సరిచేసి ఇస్తే, ఆవిడ కొట్లో నిలబడి విప్పింది, మూసింది, మళ్ళీ విప్పింది. స్టవ్వు మీద టీ మరుగుతోంది. "ఒక గుక్క తాగి వెళ్ళండి మేడమ్" అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు. పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా కొట్లో పని ఉందని తప్పించుకున్నవాణ్ణి నేను, నీకు తెలుసు. ఆవిడ వాచీ చూసుకుని, నవ్వి, "ఐ విల్ టేక్ ఎ రెయిన్ చెక్, గొడుగు గారూ" అంది.

దీనికి నీ సాయం అక్కర్లేదు. రెయిన్ అంటే వాన, చెక్ అంటే సరిచూడటం, 'సి' కాబట్టి అది నా డిక్షనరీలో ఉంది. గొడుగుని వానలో సరిచూశాకే వచ్చి టీ తాగుతానంటోంది. పని తెలిసిన మనిషంటే అదీ! పన్ను పీకేవాళ్ళకీ పనితనం విలువ తెలుసన్నమాట. వాన పడాలి, అంతే.

నువ్వు చెప్పాల్సినవి వేరే ఉన్నాయి. మర్నాడు "ఎలా ఉన్నారు మేడమ్?" అంటే "అండర్ ది వెదర్" అంది. "అందరం దాని కిందే కదండీ, అందుకేగా గొడుగులు" అన్నాను. ఒక క్షణం చూసి పకపకా నవ్వింది. ఆ తర్వాత "నేనూ లాంగ్ ఇన్ ది టూత్ అయిపోతున్నాలెండి" అంది. మర్యాదగా చూశాను. పళ్ళన్నీ ఒకే వరసలో ఉన్నాయి, ఏదీ పొడుగ్గా లేదు. అదే చెప్పాను. ఈసారి గోడ పట్టుకుని నవ్వింది. నేనేమన్నా తప్పుగా అన్నానా?

అన్నయ్యని గట్టిగా నవ్వొద్దని చెప్పి,
మరిది.

* * *

బట్టలు ఆరేసిన బాల్కనీ నుంచి,
అవి ఆరేలోగా.

మరిదీ,

నీ ఉత్తరం పైకి చదవలేదు. మీ అన్నయ్యే నా చేతిలోంచి లాక్కుని తనే చదువుకున్నాడు. దగ్గుతెర వచ్చింది. తప్పు నీదే.

నీ ప్రశ్నలకి జవాబులు. 'అండర్ ది వెదర్' అంటే ఒంట్లో నలతగా ఉందని. పాపం ఆవిడ నలతగా ఉందంటే నువ్వు గొడుగుల కబుర్లు చెప్పావు. 'లాంగ్ ఇన్ ది టూత్' అంటే వయసు మీద పడిందని. గుర్రాలకి వయసొచ్చిన కొద్దీ పళ్ళు పొడుగ్గా కనిపిస్తాయట, అందులోంచి వచ్చింది. "వయసైపోతోందండీ" అని ఆడమనిషి అంటే నువ్వు నోట్లోకి తొంగి చూసి "అలా ఏం లేదే" అన్నావు. నువ్వు తెలియక అన్నా, అంతకంటే మంచి జవాబు తెలిసినవాడు కూడా చెప్పలేడు.

నిన్ను చూసి నవ్వే అర్హత నాకూ లేదులే. కొలువులో చేరిన మొదటి రోజు మేనేజరు "హోల్డ్ ది లైన్" అని పక్కకి వెళ్ళాడు. లైను పట్టుకోమన్నాడు కదా అని, బోర్డులోంచి వేలాడుతున్న తీగని గుప్పెట బిగించి పట్టుకుని కూర్చున్నాను. భోజనాల వేళకి చెయ్యి తిమ్మిరెక్కింది. పక్క సీటావిడ "ఏం చేస్తున్నావే?" అంటే "సారు పట్టుకోమన్నారు" అన్నాను. నేను రిటైరయ్యేదాకా ఆ బోర్డు దగ్గర నా పేరు 'తీగమ్మ'.

ఇంతకీ ఆ డాక్టరమ్మకి వయసెంత? ఎవరున్నారు? మాట ఎలా ఉంటుంది, కటువా, మెత్తనా? నువ్వు గొడుగు గురించి ఒక పేజీ రాశావు, మనిషి గురించి రెండు ముక్కలు రాయలేదు. మీ అన్నయ్య అంటున్నాడు: "వాడు ఒక మనిషికి టీ ఇస్తానన్నాడా? మా వాడేనా? అడ్రసు సరిగ్గా చూశావా?"

రెయిన్ చెక్ సంగతంటావా, అది నీకే తెలుసన్నావు. నేనెందుకు మధ్యలో. బట్టలు ఆరినట్టున్నాయి, తీయాలి.

నీ వదిన, ఉరఫ్ తీగమ్మ.

* * *

మెట్ల కింది కొట్టు నుంచి,
మళ్ళీ ఎండ.

వదినా,

ఆకాశం నీలంగా, శుభ్రంగా, ఇప్పుడే ఉతికి ఆరేసినట్టుంది. ఇంత అసహ్యమైన ఆకాశాన్ని నేనెప్పుడూ చూడలేదు.

నువ్వడిగావు కాబట్టి. వయసు ఇంచుమించు నా అంతే, జుట్టుకి రంగు వెయ్యదు. భర్త పోయి చాలా కాలమైంది. తమ్ముడు వేరే ఊళ్ళో ఉంటాడు. మాట మెత్తన, కానీ మధ్యలో చిన్న ముల్లు ఉంటుంది. అది గుచ్చుకున్నప్పుడు నవ్వొస్తుంది. నా సంగతి అడగలేదు గానీ చెబుతున్నా: ఇంకో స్టూలు కొన్నాను. ఇన్నాళ్ళూ ఒక్కటే ఉండేది, వచ్చినవాళ్ళు నిలబడేవారు. గ్లాసులు పక్కన పెట్టి పింగాణీ కప్పులు తెచ్చాను. క్షవరం చేయించుకున్నాను. "ఏంటి విశేషం?" అని మంగలి అడిగితే "వాన" అన్నాను. వాడు కిటికీలోంచి ఎండ చూసి ఇంకేమీ అడగలేదు.

రోజూ సాయంత్రం కొట్టు ముందు నిలబడి పైకి చూడటం అలవాటైపోయింది. నిన్న ఆవిడ దిగుతూ చూసింది.

"ఏం చూస్తున్నారు గొడుగు గారూ?"

"వాన వస్తుందేమోనని."

"వస్తే మీకు గిరాకీ కదూ?"

"గిరాకీకి కాదండీ. మీ మాట కోసం."

"ఆర్ యూ పుల్లింగ్ మై లెగ్?" అంది. కంగారుపడి రెండడుగులు వెనక్కి వేసి చేతులు చూపించాను, దగ్గర్లో కూడా లేనని. పళ్ళు పీకే మనిషి కాళ్ళు లాగడం గురించి మాట్లాడుతుందేమిటి? నవ్వుతూ వెళ్ళిపోయింది.

అసలు వార్త ఇది. మెట్ల కింద కూర్చున్నవాడికి పైవాళ్ళ మాటలు వద్దన్నా వినపడతాయి. నర్సమ్మతో అంటోంది: "ఏడాది చివరికి ఐ యామ్ కాలింగ్ ఇట్ ఎ డే." ఒక రోజుని పిలుస్తోంది! అంటే రోజు పెట్టుకుంటోంది, అవునా? దేనికి? ఏ రోజు? 'కాలింగ్' అంటే నాకు తెలుసు, 'డే' తెలుసు, మధ్యలో ఆ 'ఇట్' ఏమిటో అంతుబట్టడం లేదు. నర్సమ్మ ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. శుభవార్తకి కొందరు ఏడుస్తారు కదా.

వెంటనే రాయి. జుట్టు మళ్ళీ పెరిగిపోతోంది.

మరిది.

* * *

బాల్కనీ నుంచి,
బట్టలేమీ ఆరేయలేదు.

మరిదీ,

నీ ఉత్తరం రెండు రోజులు బల్ల మీద పెట్టుకుని జవాబు రాయలేదు. మీ అన్నయ్య కూడా ఈసారి నవ్వలేదు. "నువ్వే చెప్పు, నాకు నోరు రాదు" అని లోపలికి వెళ్ళిపోయాడు.

కాలు లాగడం అంటే ఆట పట్టించడం. అది పోనీ.

'కాలింగ్ ఇట్ ఎ డే' అంటే రోజు పెట్టుకోవడం కాదు. పని చేసి చేసి, "ఇవాళ్టికి చాలు, కొట్టు కట్టేద్దాం" అనుకుంటామే, అది. ఏడాది చివరికి అంటోందంటే క్లినిక్కు మూసేస్తోందని. నర్సమ్మ ఏడ్చింది అందుకు. ఆవిడ ఉద్యోగం పోతోంది కాబోలు. డాక్టరమ్మ తమ్ముడి ఊరికి వెళ్తుందేమో, అది నువ్వే కనుక్కోవాలి.

ఇంకోటి కూడా చెప్పాలి. మొదటి ఉత్తరంలోనే చెప్పాల్సింది, మనసొప్పక దాటేశాను. రెయిన్ చెక్ అంటే గొడుగుని సరిచూడటం కాదు. ఆటల మైదానాల్లో వాన పడి ఆట ఆగిపోతే, మళ్ళీ ఇంకోసారి వచ్చి చూడమని చీటీ ఇచ్చేవారట. ఆ చీటీ పేరది. ఎవరైనా భోజనానికో టీకో పిలిస్తే, కాదని మొహం మీద చెప్పలేక, "ఇప్పుడు కాదు, ఇంకెప్పుడైనా" అనడానికి వాడతారు. మనం "చూద్దాం లెండి" అంటామే, అచ్చం అదే. ఆఫీసులో ఎంతమంది ఎంతమందికి ఆ మాట చెప్పడం విన్నానో. మర్యాదగానే చెబుతారు. కానీ ఆ 'ఇంకెప్పుడో' చాలామందికి రాదు.

వానతో దానికి సంబంధం లేదు, మరిదీ. ఆకాశం కేసి చూడటం మానెయ్యి. మెడ పట్టేస్తుంది.

మీ అన్నయ్య "వాణ్ణి ఇక్కడికి రమ్మను, పది రోజులుండి వెళ్తాడు" అంటున్నాడు. రా.

నీ వదిన.

* * *

కొట్టు నుంచి.

వదిన గారికి నమస్కారములు.

మీరు రాసిన ఉత్తరం అందింది. విషయాలు తెలుసుకున్నాను. మీరు శ్రమ తీసుకుని అర్థాలు వివరించినందుకు కృతజ్ఞుణ్ణి. రెండో స్టూలు ఇస్త్రీ కొట్టు ఆయనకి ఇచ్చేశాను, ఆయన కూర్చుని ఇస్త్రీ చేస్తానన్నారు. ఇక్కడ అందరూ క్షేమం. అన్నయ్య గారిని అడిగానని చెప్పగలరు. ప్రస్తుతం అక్కడికి రావడానికి వీలుపడదు, కొట్లో పని ఉంది.

ఇట్లు,
గొడుగుల కొట్టు.

* * *

బాల్కనీ నుంచి,
పోస్టు వచ్చిన మర్నాడు పొద్దున్నే.

మరిదీ,

'మీరు' అట! నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన రోజు నువ్వు నా చెప్పులు దాచి "తీస్కో వదినా, పట్టుకో చూద్దాం" అన్నావు. ఆ నాటి నుంచి ఈ నాటి దాకా 'నువ్వు' తప్ప ఎరగవు. 'గారు' ఒకటి, 'నమస్కారములు' ఒకటి, పైగా 'గొడుగుల కొట్టు' అని సంతకం. నాకు వచ్చిన కరెంటు బిల్లు కూడా నీ ఉత్తరం కంటే ఆప్యాయంగా ఉంది. మీ అన్నయ్య చదివి, "వీడు అలిగాడు. చిన్నప్పుడు అలిగితే అటక ఎక్కి కూర్చునేవాడు. ఇప్పుడు వీడికి అటక లేదు కాబట్టి 'మీరు' ఎక్కి కూర్చున్నాడు" అన్నాడు.

నీకు బాధ కలిగిందని తెలుసు. నేను ముందే చెప్పి ఉంటే కప్పులైనా కొనేవాడివి కాదు.

కానీ రాత్రంతా ఆలోచించాక ఒకటి తట్టింది. నేను ఇన్నేళ్ళు బోర్డు ముందు కూర్చుని విన్నది గొంతులే. లైను కలిపేదాన్ని, పక్కకి తప్పుకునేదాన్ని. రెయిన్ చెక్ అన్నవాళ్ళలో ఎవరు వెళ్ళారో, ఎవరు వెళ్ళలేదో నాకెవరూ ఫోను చేసి చెప్పలేదు. 'చాలామందికి రాదు' అని రాశాను చూడు, అది నాకెలా తెలుసు? ఆ మాటకి అర్థం నేను చెప్పింది తప్పు కాదు. ఆవిడకి దాని అర్థం ఏమిటో మాత్రం నేను చెప్పలేను. నేను ఆవిడని చూడలేదు. నువ్వు చూశావు. నవ్వుతూ అందని రాశావు.

కాబట్టి ఇలా చెయ్యి. పైకి వెళ్ళు. 'పైకి వెళ్ళు' అన్నానని దానికీ అలగకు, మెట్ల మీదుగా పైకి. వెళ్ళి అడుగు.

స్టూలు ఇస్త్రీ ఆయన దగ్గర నుంచి వెనక్కి తెచ్చుకో.

నీ వదిన. 'గారు' పెట్టావంటే జవాబివ్వను.

* * *

మెట్ల కింది కొట్టు నుంచి,
ఎండే, కానీ కొంచెం మెత్తగా ఉంది.

వదినా,

వెళ్ళాను. రాయడం కష్టంగా ఉంది, ఎడమ బుగ్గ ఇంకా నాది కానట్టే ఉంది. రాతకి బుగ్గతో ఏం పని అంటావేమో. ఉంది. నేను రాసేటప్పుడు పెదాలు కదుపుతాను, ఇప్పుడు సగమే కదులుతున్నాయి. అందుకే ఈ ఉత్తరం సగం వంకరగా ఉంటుంది.

నాకు పంటి నొప్పి ఏమీ లేదు. కానీ పళ్ళ డాక్టరు దగ్గరికి ఊరికే ఎలా వెళ్తాం? "కొంచెం చూడండి మేడమ్, ఎప్పుడైనా నొప్పి రావచ్చు" అన్నాను. కుర్చీలో పడుకోబెట్టింది. ఆ కుర్చీ ఒకటి చూడాలి వదినా! కాలితో తొక్కితే పైకి లేస్తుంది, వెనక్కి వాలుతుంది. దాని స్ప్రింగు నూనె అడుగుతోంది, ప్రతి కదలికకీ మూలిగింది. నేను మూలిగానేమో అని ఆవిడ రెండుసార్లు ఆపింది.

దొరికింది ఒక పన్ను, లోపల పుచ్చినది. నా అబద్ధం నిజమైంది. సూది ఇచ్చి, నోటి నిండా దూది కుక్కి, అప్పుడు మొదలుపెట్టింది కబుర్లు. నోరు కట్టేశాకే ప్రశ్నలు వేయాలని వీళ్ళకి చదువులోనే నేర్పుతారనుకుంటా.

"వారం రోజులుగా మీరు ఆకాశం కేసి చూడటం లేదేం?"

"ఆఁ ఆఁ" అన్నాను.

"స్టూలు కూడా ఇచ్చేశారట, ఇస్త్రీ ఆయన చెప్పారు."

"ఊఁ."

"కోపమా?"

దూది వేలితో లాగేశాను. లాగకూడదట, తర్వాత తిట్టింది. "మేడమ్, మీరు రెయిన్ చెక్ అన్నారు. వాన కోసం నా కళ్ళు కాయలు కాశాయి" అన్నాను.

ఆవిడ చదువంతా ఇంగ్లీషులో సాగింది వదినా, అది మరిచాను. కంగారుపడి దీపం నా మొహం మీదికి తిప్పి, కింది రెప్ప లాగి చూసింది. "ఎక్కడ? ఎప్పటి నుంచి? కంటి డాక్టరుకి చూపించారా?" నేను ఆవిడ పళ్ళలోకి చూసినట్టే ఆవిడ నా కళ్ళలోకి చూసింది! నర్సమ్మ ట్రే కింద పెట్టేసి గోడ వైపు తిరిగింది. ఆవిడ వీపు కదులుతోంది. "చాలా రోజులు ఎదురు చూడటాన్ని మేము అలా అంటామండీ" అని చెప్పాను. సగం బుగ్గతో చెప్పాను కాబట్టి "ఎదుడు చూదటం" అని వచ్చి ఉంటుంది. ఐనా అర్థమైంది.

డాక్టరమ్మ రెప్ప వదిలింది.

"రెయిన్ చెక్ అంటే మీరేం అనుకున్నారు?"

చెప్పాను. వానలో గొడుగు సరిచూసి, పని బాగుందనుకుంటే టీకి వస్తారనుకున్నానని. అర్థం అది కాదని మా వదిన చెప్పిందని.

"మీ వదిన గారు సరిగ్గానే చెప్పారు. ఆ రోజు నేను అన్నది అదే. 'చూద్దాం లెండి' అనే" అంది. దాచలేదు. అది నాకు నచ్చింది, బుగ్గ బాగుంటే ఇంకా నచ్చి ఉండేది. తర్వాత చేతిలో కొక్కెం పళ్ళెంలో పెట్టి, "కానీ మీ అర్థమే బాగుంది. దాన్నే ఖాయం చేద్దాం" అంది.

"ఎలా?"

"వాన పడితే ఆ గొడుగు వేసుకుని వస్తాను. పనితనం చూస్తాను. బాగుంటే టీ తాగుతాను."

"మీరు ఏడాది చివర వెళ్ళిపోతున్నారు కదండీ?"

"తమ్ముడు రమ్మంటున్నాడు. చేతులు అలిసిపోయాయి గొడుగు గారూ. గదులు ఖాళీ చేస్తానని ఇక్కడి ఇంటివాళ్ళకి చెప్పేశాను కూడా. ఆలోగా పడితే వస్తాను."

"పడకపోతే?"

"నోరు తెరవండి" అంది. పన్ను తీసేసింది.

దిగుతూ మెట్ల మీద ఆగాను. ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు ఆగిన మొదటి రోగిని నేనే అయి ఉంటాను. ఇప్పుడు చెప్పు, వానల కాలం వెళ్ళిపోయింది. ఏడాది చివరికి ఎంతో దూరం లేదు. నేనేం చెయ్యాలి?

స్టూలు తెచ్చేశాను. ఇస్త్రీ ఆయన అలిగాడు, ఆయన కూడా 'మీరు' అంటున్నాడు.

మరిది.

* * *

బాల్కనీ నుంచి,
హడావిడిగా.

మరిదీ,

మీ అన్నయ్య మందులు వేసుకోవడం మరిచాడు గానీ, పొద్దున లేవగానే బాల్కనీలోకి వచ్చి మబ్బులు చూడటం మరవడం లేదు. ఇక్కడి మబ్బులు నీకేం పనికొస్తాయని అంటే, "అటే వెళ్తాయేమో, చెప్పి పంపిద్దామని" అన్నాడు.

నేనేం చేశానో విను. ఒట్టు తీసి గట్టున పెట్టి ఫోను ఎత్తాను. వాతావరణం ఆఫీసుకి. బోర్డు ముందు గొంతు ఎలా ఉండేదో అలా వచ్చేసింది, నాకే భయమేసింది. మీ ఊరి పేరు చెప్పి, "ఈ నెలాఖరులోపు వాన పడుతుందా బాబూ?" అన్నాను.

"చూద్దాం లెండమ్మా" అన్నాడు.

వాడూ రెయిన్ చెక్కే ఇచ్చాడు.

నువ్వు కంగారుపడకు. కప్పులు కడిగి పెట్టుకో. ఫోను చేసిన సంగతి ఎవరికీ చెప్పకు, నా మాట పోతుంది.

నీ వదిన.

* * *

మెట్ల కింది కొట్టు నుంచి,
తడి కాగితం, సిరా అలికితే ఏమీ అనుకోకు.

వదినా,

ఈ పొద్దున క్లినిక్కు సామాను దింపారు. డబ్బాలు దిగాయి, బల్ల దిగింది, బోర్డు దిగింది. ఆ కుర్చీ మాత్రం మెట్ల మలుపులో ఇరుక్కుపోయింది. మోసేవాళ్ళు అటు తిప్పారు, ఇటు తిప్పారు, ఎవడో కాలితో తొక్కితే అది వెనక్కి వాలి మరీ బిగుసుకుంది. కింద నిలబడి నేను సలహాలిచ్చాను. గొడుగు ఇరుక్కుంటే ముందు మూస్తాం కదా, అలా దాన్ని నిటారుగా చేయమన్నాను. "పెద్దాయనా, పక్కకి తప్పుకో, మీద పడితే మా మీదికొస్తుంది" అన్నాడు ఒకడు. నర్సమ్మకి వీధి చివర కంటి డాక్టరు దగ్గర పని దొరికిందట. "ఎవరికైనా కాయలు కాస్తే పంపండి" అని నాతో అంది.

ఆ గోలలో ఎవరూ పైకి చూడలేదు. నేనూ చూడలేదు. ముందు వాసన వచ్చింది. తర్వాత రేకు మీద చప్పుడు. మోసేవాళ్ళు కుర్చీని మలుపులోనే వదిలేసి ఎదుటి షాపు చూరు కిందికి పరిగెత్తారు.

ఆవిడ కుర్చీ పక్కగా ఒదిగి దిగింది. ఆఖరి మెట్టు మీద గొడుగు విప్పింది. మెట్టు నుంచి నా కొట్టు గుమ్మానికి ఎంత దూరం? చెయ్యి చాపితే అందుతుంది. కానీ ఆవిడ సూటిగా రాలేదు. వీధిలోకి నడిచింది, ఇస్త్రీ కొట్టు దాకా వెళ్ళింది, అక్కడ నిలబడి చుట్టూ తిరిగి చూసుకుంది, వెనక్కి వచ్చింది. చెక్ చేస్తోంది వదినా! అచ్చంగా నేను అనుకున్నట్టే.

రెండో స్టూలు మీద కూర్చుంది. టీ పోశాను. కప్పులోనే కాదు, సాసర్లోనూ కొంచెం పోశాను.

"ఎలా ఉంది మేడమ్?"

"ఊచలు గట్టిగా ఉన్నాయి. గాలికి తిరగబడలేదు." ఇంకో గుక్క తాగింది. "పిడి దగ్గర గాట్లు అలాగే ఉన్నాయి." ఇంకో గుక్క. "ఒక చోట కారింది. ఇక్కడ, భుజం మీద పడింది."

చూశాను. గుడ్డ ఊచకి తగిలే చోట ఒక కుట్టు వదిలింది. నేను కుట్టింది ఊడటం నువ్వెప్పుడైనా విన్నావా? నేనూ వినలేదు.

"బాగుచేయాలండీ" అన్నాను.

"రేపు పొద్దునే నా రైలు. అప్పటికి అవుతుందా?"

"కాదండీ."

ఆవిడ నా మొహం కేసి చూసింది. "ఆర్ యూ పుల్లింగ్ మై లెగ్?"

ఈసారి అర్థం తెలుసు. ఐనా చేతులు చూపించాను.

"సరే, ఉంచండి. వచ్చి తీసుకుంటాను" అంది.

"ఎప్పటికని రాయమంటారు?"

"వాన పడినప్పుడు" అంది. అది ఇంగ్లీషు కాదు వదినా, మామూలు తెలుగే. నీకు పంపి అర్థం అడగక్కర్లేదు.

రెండో కప్పు కూడా తాగింది. వాన వెలిశాక మోసేవాళ్ళు వచ్చి కుర్చీని నిటారుగా చేసి దింపేశారు. ఆవిడ బండి ఎక్కి ఇంటికి వెళ్ళింది. గొడుగు తడి ఆరడానికి విప్పి మూల పెట్టాను. కప్పులు కడిగాను. ఇవాళ్టికి చాలని కొట్టు కట్టేశాను.

మరిది.